మన్యం చలిలో అతిథి గది: వేడినీళ్లకు, హీటరుకు అయ్యే కరెంటు ఖర్చును అదుపు చేయడం ఎలా?

అరకు, పాడేరు, లంబసింగి పరిసరాల్లో గదులు అద్దెకిచ్చేవారికి డిసెంబరు, జనవరి నెలలే పంటకాలం. కరెంటు బిల్లు చూసి గుండె ఝల్లుమనేదీ ఆ నెలల్లోనే. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగిపోతుంది. విశాఖపట్నం నుంచో హైదరాబాదు నుంచో వచ్చే అతిథులు ఆ చలిని చూడాలనే వస్తారు గానీ, గదిలోకి అడుగుపెట్టాక వారికి కావలసింది వెచ్చదనమే. అది ఇవ్వకుండా ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే వ్యాపారమే చెడుతుంది. కాబట్టి ఖర్చు ఎక్కడ పుడుతోందో ముందు తెలుసుకోవాలి.

అందుకు ప్రతి గదికీ ఒక సబ్‌మీటరు పెట్టించి, పదిహేను రోజుల పాటు రోజూ ఉదయం రీడింగును ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎందరు దిగారు, హీటరు వాడారా లేదా అన్నది పక్కనే రాసుకోండి. చాలామంది లైట్లను, టీవీని అనుమానిస్తారు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలిగినా సుమారు పదో వంతు యూనిట్ మాత్రమే అవుతుంది కాబట్టి, వాటి గురించి అతిథులకు హితవు చెప్పి వారి మనసు కష్టపెట్టడం దండగ. అసలు ఖర్చు వేడినీళ్లది, ఆ తరువాత గది హీటరుది.

వేడినీళ్ల లెక్క తేలికైనదే. 12 డిగ్రీల చన్నీటిని 20 లీటర్ల బకెట్టు నిండా, స్నానానికి సరిపోయే 40 డిగ్రీల వేడికి తేవాలంటే సుమారు 0.65 యూనిట్ కావాలి. అదే అతిథి షవరు కింద పది నిమిషాలు నిలబడితే, నిమిషానికి ఎనిమిది లీటర్ల చొప్పున 80 లీటర్లు పోతాయి, అంటే సుమారు 2.6 యూనిట్లు. నలుగురున్న కుటుంబానికి బకెట్టు స్నానాలకు రెండున్నర యూనిట్లు, షవరు స్నానాలకు పది యూనిట్లు పైచిలుకు అన్నమాట. పైగా 15 లీటర్ల గీజరులో నీరు 55 డిగ్రీలకు కాగినా, చన్నీరు కలుపుకుంటే 23 లీటర్ల స్నానపు నీరే వస్తుంది. షవరు మూడు నిమిషాలు తిరగకముందే చల్లబడుతుంది, ‘వేడినీళ్లు రావడం లేదండీ’ అని మీకు ఫోను వస్తుంది. అందువల్ల స్నానాల గదిలో శుభ్రమైన పెద్ద బకెట్టు, చెంబు, కూర్చోవడానికి పీట తప్పక ఉంచండి. మన అతిథుల్లో ఎక్కువమందికి చలికాలంలో బకెట్టు స్నానమే సుఖం, కనుక ఎవరినీ బలవంతపెట్టవలసిన పని ఉండదు. షవరు ఉంచదలిస్తే తక్కువ నీరు వదిలే రకం బిగించండి. గీజరు నుంచి కుళాయి దాకా గొట్టం పొడవుగా ఉంటే దానికి ఫోము తొడుగు వేయించండి, లేకపోతే గొట్టంలో చల్లబడిన నీటిని ప్రతిసారీ పారబోసుకోవలసి వస్తుంది.

గీజరు ఆపడం మరచిపోయారని అతిథులతో వాదించే యజమానులున్నారు. ఈ విషయంలో నా అభిప్రాయం వేరు. నీరు కాగిన తరువాత థర్మోస్టాటు దానంతట అదే కరెంటు ఆపుతుంది, తొట్టి చల్లబడినప్పుడు మాత్రమే మళ్లీ కాసేపు పనిచేస్తుంది. రాత్రంతా రెండు కిలోవాట్లు మండుతూనే ఉన్నాయనుకోవడం అపోహ. ఎక్కువ స్టార్లున్న గీజరులో ఆ నష్టం ఇంకా తక్కువ. అసలు ఇబ్బంది అన్ని గదుల గీజర్లూ ఒకే సమయంలో పనిచేయడం వల్ల వస్తుంది. వంజంగి కొండ మీద సూర్యోదయం చూడటానికి అందరూ తెల్లవారుజామున మూడున్నరకే లేస్తారు. నాలుగు గదుల్లో నాలుగు గీజర్లు ఒక్కసారిగా వేస్తే ఎనిమిది కిలోవాట్ల లోడు పడుతుంది, వోల్టేజి పడిపోతుంది, మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు దాటిపోతుంది. ప్రతి గీజరుకూ టైమరు పెట్టి, ఒక్కో గదికి అరగంట తేడాతో నీరు కాగేలా అమర్చండి. మరునాడు ఎన్ని గంటలకు బయలుదేరుతారని రాత్రి భోజనాల దగ్గర అడిగితే చాలు.

సౌర వాటర్ హీటరు గురించి ఒక్క మాట. ఏడాది పొడవునా గదులు నిండే చోట అది లాభమే. శని, ఆదివారాల్లో మాత్రమే అతిథులు వచ్చే ఇంటికి మాత్రం పెట్టుబడి తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది.

ఇక గది హీటరు. రెండు కిలోవాట్ల హీటరు ఆగకుండా ఎనిమిది గంటలు పనిచేస్తే 16 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు రూ.10 చొప్పున వేసుకుంటే రాత్రికి రూ.160. రేకుల కప్పు, తలుపు కింద వేలెడు సందు ఉన్న గదిలో అది నిజంగానే ఆగకుండా పనిచేస్తుంది, ఎందుకంటే వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతుంటుంది. కాబట్టి హీటరు కొనే ముందు గదిని చూసుకోండి. రేకుల కింద ఫాల్స్ సీలింగు, కిటికీలకు దళసరి తెరలు, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాలి. సాయంత్రం నాలుగు గంటలకల్లా కిటికీలు మూసేయాలని మీ దగ్గర పనిచేసేవారికి చెప్పాలి. ఆ తరువాత పడక. మనిషికి కావలసినది గదంతా వేడి కాదు, దుప్పట్లో వేడి. మంచి రజాయి, దాని కింద ఒక రగ్గు, పడుకునే ముందు రబ్బరు సంచీలో వేడినీళ్లు ఇస్తే చాలామంది హీటరు అడగరు. ఆ సంచీకి అయ్యేది ఐదో వంతు యూనిట్ కన్నా తక్కువే. పసిపిల్లలు, వృద్ధులు ఉన్నవారికి మాత్రం హీటరు ఇవ్వాల్సిందే. థర్మోస్టాటు ఉన్న ఆయిల్ హీటరు ఇచ్చి, 16 ఆంపియర్ల సాకెట్టుకే తగిలించండి. రెండు కిలోవాట్లకు దాదాపు తొమ్మిది ఆంపియర్లు అవసరం కనుక మామూలు ఆరు ఆంపియర్ల ప్లగ్గు కాలిపోతుంది. అతిథులు వెంట తెచ్చుకునే ఇమ్మర్షన్ రాడ్లను అనుమతించకండి.

ఖర్చు తగ్గుతుందని గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి. మూసిన గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. క్యాంప్‌ఫైరు ఆరిపోయాక మిగిలిన నిప్పులను అతిథులు గదిలోకి తీసుకుపోకుండా కూడా చూసుకోవాలి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టినా అదే ప్రమాదం.

జనరేటరు ఉన్నవారు గీజర్లను, హీటర్లను దాని లైనులో కలపకూడదు. చిన్న డీజిల్ జనరేటరు లీటరుకు సుమారు మూడు యూనిట్లే ఇస్తుంది కాబట్టి, ఆ కరెంటు యూనిట్ ఖరీదు డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) ధరకు దాదాపు మూడింతలు ఉంటుంది.

అతిథుల నుంచి ఈ ఖర్చు రాబట్టే పద్ధతిలో తొందరపాటు పనికిరాదు. వేడినీళ్లు, లైట్లు, ఛార్జింగు వంటి మామూలు వాడకం గది అద్దెలోనే కలిసి ఉండాలి. బకెట్టుకు ఇంత అని వసూలు చేసే ఇంటికి ఎవరూ రెండోసారి రారు. మీ నోటుపుస్తకంలోని సగటుకు కాస్త కలిపి, ఉదాహరణకు రాత్రికి గదికి ఎనిమిది యూనిట్లు అద్దెలోనే అని నిర్ణయించుకోండి. హీటరు కోరినవారికి మాత్రం ఆ ఎనిమిదికి మించి వాడిన యూనిట్లకు మీకు పడిన ధరే వేయండి. కరెంటు మీద లాభం చూసుకోకండి. ఈ సంగతి బుకింగు సమయంలోనే రాతపూర్వకంగా తెలియజేయాలి. గదిలో అతికించే కాగితం మీద ‘ఈ గది అద్దెలో రాత్రికి ఎనిమిది యూనిట్ల కరెంటు కలిసి ఉంది. హీటరు కావలసినవారు మాకు చెప్పండి, మీటరు రీడింగు మీ ఎదుటే తీసుకుంటాం’ అని రాస్తే సరిపోతుంది. ఆజ్ఞలు, హెచ్చరికలు వద్దు.

మీ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో కూడా చూసుకోవాలి. ఇంటి అవసరానికి తీసుకున్న కనెక్షన్‌తో అద్దె గదులు నడిపితే, 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేయవచ్చు. హోమ్‌స్టేగా నమోదు చేసుకుని, ఏ టారిఫ్ వర్తిస్తుందో డిస్కం కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి.

అతిథులు దిగినప్పుడు, బయలుదేరినప్పుడు సబ్‌మీటరు ఫొటో వారి ఫోనులోనే తీయించండి. పరిమితి కన్నా రెండు మూడు యూనిట్లే ఎక్కువైతే అడగకండి. పాతిక రూపాయల కోసం బస్సుకు వెళ్లేవారిని గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు.