షాంఘైలో రెండు యువాన్లకే నది షికారు

షాంఘై వెళ్లినవాళ్లకి హువాంగ్‌పు నది మీంచి రాత్రి దీపాలు చూడాలనుంటుంది. టూరిస్టు పడవ టికెట్టేమో వంద యువాన్ల పైమాటే. దానికి బదులు ఊరివాళ్లెక్కే ఫెర్రీ ఎక్కండి, రెండు యువాన్లే. చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.

చీకటి పడే వేళకి నదికి తూర్పు ఒడ్డైన పుడోంగ్ వైపు డోంగ్‌చాంగ్ రోడ్ రేవుకి చేరి, అవతలి ఒడ్డుకెళ్లే పడవలో కుడివైపు రెయిలింగ్ పట్టుకుని నిలబడండి. 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్ టవర్ ఉన్న వైపూ, ఎదుటి గట్టున బండ్ అనే నదీతీర వీధిలోని పాత రాతి భవనాల వైపూ ఒకేసారి కళ్లముందుంటాయి. దాటడానికి కొద్ది నిమిషాలే, కెమెరా ముందే తీసి పెట్టుకోవాలి.

పొగమంచు దట్టంగా ఉంటే ఫెర్రీలు ఆపేస్తారు. ఆ రోజు మెట్రోయే గతి.