రెండు పాత గ్రాఫిక్స్ కార్డుల్ని సరిగ్గా పోల్చడం ఎలా?

ఎన్విడియా వాళ్ళ జీటీఎక్స్ 1060 తీసుకోవాలా, ఏఎండీ వాళ్ళ ఆర్ఎక్స్ 580 తీసుకోవాలా అని తిరుపతిలో సెకండ్ హ్యాండ్ పీసీ కట్టుకునే పిల్లోళ్ళు అడగతానే ఉంటారు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లోళ్ళయితే మరీ జాస్తి. అడగడంలో తప్పేం లేదు, పోల్చే పద్ధతే తప్పు. రెండు కార్డులు పక్కపక్కన పెట్టిన వీడియో ఒకటి చూసేసి, దాంట్లో ఐదు ఎఫ్‌పీఎస్ (సెకనుకు స్క్రీన్ మీద వచ్చే ఫ్రేములు) ఎక్కువొచ్చిందాన్ని కొనేస్తారు. ఆ వీడియో చేసినాయన ప్రాసెసర్ వేరు, ర్యామ్ వేరు, పైగా ఏసీ రూములో కూచోని చేసుంటాడు. మీ ఇంట్లో ఎట్లా నడుస్తాదో మీ ఇంట్లోనే చూడాల.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. రెండు కార్డులు, ఒకే పీసీ, ఒక స్క్రూడ్రైవర్, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్, ఆడేటప్పుడు టెంపరేచర్, స్పీడు చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, పాత డ్రైవర్‌ని పూర్తిగా తుడిచేసే డీడీయూ అనే సాఫ్ట్‌వేర్లు, రాసుకోడానికి ఒక కాగితం. ఒక కార్డు ఫ్రెండు దగ్గర అడిగి తెచ్చుకోండి, ఇంకోటి అంగట్లో టెస్టింగ్‌కి అడగండి. టెస్టింగ్‌కి ఇయ్యము అనే అంగట్లో పాత కార్డు కొనొద్దు, అంతే.

ముందు స్పెసిఫికేషన్లు. పెట్టె మీద చూసి కాదు, కార్డు పీసీలో పెట్టి జీపీయూ-జెడ్ తెరిచి చూడండి. 2016లో వచ్చిన 1060 6 జీబీలో 1280 కోర్లు (బొమ్మ లెక్కలు కట్టే చిన్న యూనిట్లు), 3 జీబీ దాంట్లో 1152, అంటే తేడా మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా కోసేసినారు. 2017లో వచ్చిన అసలు ఆర్ఎక్స్ 580లో 2304 ఉండాల. 2048 అని చూపిస్తే అది 580 పేరు పెట్టుకున్న ఆర్ఎక్స్ 570 (580 కన్నా కింది కార్డు) లాంటిది, దానికి 580 రేటు ఇయ్యొద్దు. పేరు ముందర ఫేక్ అని చూపిస్తే ఇంక మాట్లాడకుండా కార్డు తిరిగిచ్చేయండి.

బ్యాండ్‌విడ్త్, అంటే కార్డు మెమరీలోంచి సెకనుకు ఎంత డేటా పోతాదనే లెక్క, మీరే కట్టుకోవచ్చు. బస్ విడ్త్‌ని మెమరీ స్పీడుతో గుణించి 8తో భాగించాల. 1060 6 జీబీకి 192 బిట్, 8 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు), అంటే సెకనుకు 192 జీబీ. 580 8 జీబీకి 256 బిట్, అదే స్పీడు, 256 జీబీ. చిన్న కార్డుల్లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. జీటీ 1030నే చూడండి, జీడీడీఆర్5 మోడల్‌కి 48 జీబీ, 2018లో వచ్చిన డీడీఆర్4 మోడల్‌కి 17 కూడా రాదు, పేరు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇంకోటి, కోర్ల సంఖ్యని కంపెనీ మార్చి పోల్చొద్దు. 2304 ముందర 1280 ఏపాటి అని గొడవ పడతా ఉంటారు. టెరాఫ్లాప్స్‌లో (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు కట్టగలదనే కొలత) కూడా 580కి 6.2, 1060కి 4.4 అని రాసుంటాది, కానీ గేముల్లో రెండూ దగ్గర దగ్గరగానే వస్తాయి. ఎన్విడియా కోరు వేరు, ఏఎండీ కోరు వేరు, క్లాక్ (చిప్పు నడిచే స్పీడు) వేరు. ఒకే కంపెనీ, ఒకే తరం కార్డులైతేనే కోర్లు లెక్కపెట్టండి.

కార్డు మార్చడం సులభం. పాత డ్రైవర్‌ని సేఫ్ మోడ్‌లో డీడీయూతో తీసేయండి, పీసీ ఆపండి, ప్లగ్ పీకండి, కార్డు మార్చండి, కొత్త డ్రైవర్ వేయండి. 1060 రెఫరెన్స్ కార్డు 120 వాట్లు, ఒక 6 పిన్ కరెంటు వైరు చాలు. 580 185 వాట్లు, 8 పిన్ కావాల. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌కి (పీసీకి కరెంటిచ్చే పెట్టె) పిన్ మార్చే కన్వర్టర్ తగిలించి 580 నడిపించొద్దు.

ఇంక అసలు పని, టెస్ట్. అందరూ ఈడే చెడగొట్టేది.

మొదటిది వేడి. మన ఊళ్ళో రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రూము ఎట్లుంటాదో తెలుసు కదా. ఒక కార్డు పొద్దున ఆరింటికి, ఇంకోటి మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ చేస్తే మీరు పోల్చింది కార్డుల్ని కాదు, ఎండని. 1060 వేడెక్కేకొద్దీ తన క్లాక్ తానే కొంచెం కొంచెం తగ్గించుకుంటాది, 83 డిగ్రీలు తగిలిందంటే ఇంకా గట్టిగా తగ్గిస్తాది. పాత కార్డుల్లో చిప్పు వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయి మట్టిపెళ్ళ మాదిరి అయ్యుంటాది, క్రిప్టో మైనింగ్‌లో రాత్రీ పగలూ వాడిన 580లైతే చెప్పక్కర్లేదు. అందుకే రెండు కార్డులకీ దుమ్ము దులిపి, కొత్త పేస్ట్ వేసి, ఒకే పూట, ఫ్యాన్ అదే స్పీడులో పెట్టి, క్యాబినెట్ మూత మూసే చేయండి. మూత తీసి చేసినోళ్ళ స్కోరు నేను లెక్కలోకి తీసుకోను, రోజూ మూత తీసి ఆడరు కదా.

స్టార్ట్ చేసిన వెంటనే వచ్చే నంబర్ రాసుకోవద్దు. పదిహేను నిమిషాలు గేమ్ నడవనీండి, ఆఫ్టర్‌బర్నర్‌లో టెంపరేచర్ గీత పైకి పోవడం ఆగి అడ్డంగా సాగాల, క్లాక్ ఒకచోట నిలబడాల. చల్లగా ఉన్నప్పుడు వచ్చే నంబర్ అమ్మేవాడికి పనికొస్తాది, మనకి కాదు.

రెండోది ప్రాసెసర్. పాత ఐ5 మీద రెండు కార్డులకీ 58, 59 ఎఫ్‌పీఎస్ వచ్చినాయని రెండూ సమానమే అనేస్తారు. అది ప్రాసెసర్ స్కోరు. స్క్రీన్ మీద జీపీయూ యూసేజ్ (కార్డు ఎంత శాతం పని చేస్తాందో) పెట్టుకోండి, 95 శాతం పైన ఉంటేనే కార్డు పూర్తిగా పని చేస్తున్నట్టు. 70 దగ్గరే ఆగిపోతే రిజల్యూషన్ పెంచండి, గ్రాఫిక్స్ పెంచండి, యూసేజ్ పైకి వచ్చేదాకా పెంచండి. గేమ్‌ని మానిటర్ స్పీడుకి కట్టేసే వీసింక్ తీసేయండి, అది ఉంటే 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఏ కార్డైనా 60 దగ్గరే ఆగుతాది.

మూడోది ఏ టెస్ట్ అనేది. హెవెన్ లాంటి బెంచ్‌మార్కులు కార్డు వేడెక్కించడానికి మంచివే, కానీ తీర్పు మీరు ఆడే గేముతోనే చెప్పాల. జీటీఏ 5లో గ్రాఫిక్స్ మెనూలోనే బెంచ్‌మార్క్ ఉంది. ముందర చిన్న చిన్న సీన్లు వస్తాయి, వాటిని వదిలేయండి. ఆఖర్న విమానంతో మొదలయ్యి కారు రోడ్డు మీద పోయే పొడుగు సీను ఉంటాది, దాని లెక్కే తీసుకోండి, ట్రాఫిక్ ప్రతిసారీ మారుతాది కాబట్టి మూడుసార్లు నడిపి మధ్య నంబర్ రాసుకోండి. యావరేజ్ ఒక్కటే రాస్తే సగం పనే, 1 శాతం లో అనే నంబర్ (అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల స్పీడు) కూడా రాయాల. 70 యావరేజ్ ఉండి కింద 25కి పడే కార్డు కన్నా, 62 యావరేజ్‌తో 48కి తగ్గని కార్డు చేతికి శానా బాగుంటాది.

ఇట్లా చేస్తే మామూలుగా కనపడేది ఇది: పాత డైరెక్ట్ఎక్స్ 11 (గేమ్ కార్డుతో మాట్లాడే పద్ధతి) గేముల్లో 1060 గట్టిగా నిలబడతాది, దానికన్నా కొత్త పద్ధతులైన డైరెక్ట్ఎక్స్ 12, వల్కన్ గేముల్లో 580 ముందుకు పోతాది, కొత్త గేముల్లో టెక్స్‌చర్లు పెంచితే 8 జీబీ ఉన్నది ఊపిరి పీల్చుకుంటాది. ఫ్యాన్ గాలితో నడిచే చిన్న రూమైతే నేను 1060 6 జీబీ అనే చెప్తా, ఆ 65 వాట్ల తేడా మొత్తం వేడై రూములోకే వస్తాది. మంచి గాలి ఆడే క్యాబినెట్, నికరమైన ఎస్‌ఎంపీఎస్ ఉన్నోళ్ళు 580 తీసుకోండి. 3 జీబీ 1060 మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.