థైరాయిడ్ తీసేశాక పక్కన కూర్చునేవాళ్లు చూడాల్సినవి

కర్నూలులో సర్జరీ వార్డు నర్సును నేను. థైరాయిడ్ ఎక్కువై ఆపరేషన్‌కు ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది "మచ్చ పడుతుందా సిస్టర్?" అనే. మచ్చ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎలాగూ తీసేస్తారు కదా అని ముందే థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గించే కార్బిమజోల్, గుండెదడను అదుపు చేసే ప్రొప్రనలాల్ మాత్రలు మానేసి రావద్దు. హార్మోన్ అదుపులో లేకుండా ఆపరేషన్ చేస్తే విపరీతమైన జ్వరం, గుండెదడ, పలవరింతలతో ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి రాత్రి మెడ మీదే కన్నుండాలి. వాపు పెరుగుతున్నా, మెడ బిగుసుకుపోతోందన్నా, ఊపిరాడకపోయినా పరుగున వచ్చి నర్సును పిలవండి. లోపల రక్తం చేరుతూ ఉండొచ్చు. గాయం లోపలి రక్తం గొట్టం ద్వారా వచ్చి చేరే డ్రెయిన్ సీసా ఖాళీగా ఉందని ధైర్యపడొద్దు, ఆ గొట్టం మూసుకుపోయి కూడా ఉండొచ్చు.

ఆ తర్వాత కాల్షియం. థైరాయిడ్ వెనక సాధారణంగా 4 పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కోటి కందిబేడంత. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. ఆపరేషన్‌లో వాటికి రక్తప్రసరణ తగ్గినా కాల్షియం పడిపోతుంది. పైగా థైరాయిడ్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఎముకలు కాల్షియం పోగొట్టుకుంటూ వస్తాయి. గ్రంథి తీయగానే అవి రక్తంలోది లాగేసుకుంటాయి. అందుకే వీళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ.

రెండో మూడో రోజు పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో జోము (తిమ్మిరి) మొదలవుతుంది. ఒకామె టీ గ్లాసు అందుకోబోతే వేళ్లన్నీ ముడుచుకుని బొటనవేలు అరచేతిలోకి వచ్చేసింది. "నీరసంలే" అంటూ వాళ్లత్త నూనె రాయబోయింది. నరానికి నెమ్మదిగా కాల్షియం ఎక్కించాకే వేళ్లు విచ్చుకున్నాయి. జోము అనగానే చెప్పండి, అర్ధరాత్రయినా సరే. ఇంటికెళ్లాక మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

గొంతు కొన్నాళ్లు బొంగురుపోవడం మామూలే. వారాలు గడిచినా తగ్గకపోయినా, నీళ్లు తాగితే పొలమారుతున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. స్వరానికి వెళ్లే నరం దెబ్బతిని ఉండొచ్చు.

గ్రంథి మొత్తం తీశాక, అది తయారుచేసే హార్మోన్‌కు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. పొద్దున్నే పరగడుపున, నీళ్లతోనే. కాఫీ అయినా ఉగ్గాని అయినా అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం మాత్రకు దానికీ కనీసం 4 గంటల తేడా ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. డిశ్చార్జి చీటీ వెనక "పొద్దున 6కు థైరాయిడ్, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం" అని పెద్దక్షరాలతో రాసిస్తుంటాను. పాత కార్బిమజోల్ ఇక అక్కర్లేదు. ప్రొప్రనలాల్ మాత్రం డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

6 నుంచి 8 వారాలకు రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్ ఎక్కువగా ఉండి వచ్చినవాళ్లకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) కొన్ని నెలలు తక్కువగానే కనిపించొచ్చు, అందుకే ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్) కూడా చూస్తారు. రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె ఒక్కటే చూసి మాత్ర మీరే తగ్గించుకోకండి.