ఇంటిల్లిపాదితో హిమాలయ ట్రెక్: మొదటి రోజు ఎలా నడవాలి?

నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో మొదటి రోజు నడక, మనం విమానం దిగే లుక్లా నుంచి ఫాక్‌డింగ్ దాకా. సుమారు 8 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటల పని. లుక్లా 2,860 మీటర్ల ఎత్తులో ఉంటే ఫాక్‌డింగ్ 2,610 మీటర్లే. కొండ ఎక్కుదామని వెళ్లి ఆ రోజు దిగుతామన్నమాట. తేలిగ్గా ఉందని అందరూ పరుగు పెట్టేది అక్కడే. పెద్దవాళ్లూ పిల్లలూ వెంట ఉంటే మాత్రం అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టే మిగతా అందరూ నడవాలి.

1. ముందు విజయవాడలోనే మొదలుపెట్టండి

కృష్ణ ఒడ్డున ఉండి ఆ ఎత్తుకు అలవాటు పడలేం. మోకాళ్లను మాత్రం సిద్ధం చేసుకోవచ్చు. రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు, ఎండ రాకముందే, మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడే తొడలు వణుకుతాయి, కాబట్టి దిగడాన్ని తొందరగా ముగించొద్దు. గుడి మెట్ల మీద బూట్లు వేసుకోం కదా, కొత్త బూట్లకు కొండపల్లి కోట ఘాట్ రోడ్డు బాగుంటుంది. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే టికెట్లు తీసుకోండి. బయల్దేరే ముందు కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. లేదంటే దిగుడులో వేళ్లు బూటుకు తగిలి గోళ్లు నల్లబడతాయి.

2. సామాను తూచండి

లుక్లా విమానంలో సాధారణంగా మనిషికి చేతిసంచితో కలిపి 15 కిలోలే. ఆవకాయ సీసా వదిలేసి కందిపొడి పొట్లం పెట్టుకోండి. మామూలుగా ఇద్దరికి ఒక పోర్టర్, అంటే సామాను మోసే మనిషి, ఉంటాడు. అతని మోత 30 కిలోలు దాటకూడదు, అందులో అతని బట్టలూ ఉంటాయి. మన రెండు సంచులూ కలిపి 20 కిలోల దగ్గర ఆగితే మంచిది.

3. నడక మొదలుపెట్టే ముందు పోర్టర్లతో టీ తాగండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పేర్లు అడగండి. పెద్దవాళ్లను ‘దాయి’ అనీ, చిన్నవాళ్లను ‘భాయి’ అనీ పిలుస్తారు, మన అన్నా తమ్ముడూ లాగే. చాలామంది కింది కొండల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, చలి వాళ్లకూ చలే. మంచి బూట్లు, జాకెట్ ఉన్నాయా, ఇన్సూరెన్స్ చేయించారా అని మీ ఏజెంట్‌ను ముందే అడగండి. అడగడం మన బాధ్యత.

పోర్టర్లు మనతో కలిసి నడవరు. తలకు పట్టీ తగిలించుకుని తమ లయలో వెళ్లిపోతారు. మా అమ్మ బీపీ మాత్రలు పెద్ద సంచిలో ఉండిపోయి, సాయంత్రం దాకా మాకు ఒకటే టెన్షన్. మాత్రలు, నీళ్లు, రెయిన్‌కోట్, స్వెటర్, పిల్లల చిరుతిండి, గుర్తింపు కార్డులు మీ వీపు మీదే ఉండాలి.

4. దారిలో

నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, ఓపిక ఉన్న పెద్దవాళ్లు ఒకరు చివర్న నడవండి. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టే. బరువులు మోసే జంతువులు ఎదురైతే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడండి. వాటి మందో, బరువుతో పోర్టర్లో వేలాడే వంతెన ఎక్కి ఉంటే దాటేదాకా ఆగండి. మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడలు వస్తాయి. గుడిలో ప్రదక్షిణ చేసినట్టే వాటిని కుడి చేతి వైపు ఉంచుకుని దాటాలి.

5. ఫాక్‌డింగ్ చేరాక

చెమట బట్టలు వెంటనే మార్చండి. వేడివేడిగా దాల్‌భాత్, అంటే పప్పూ అన్నం, తినండి, పైన మన కందిపొడి చల్లుకుంటే పిల్లలు పేచీ పెట్టరు. పోర్టర్లకు పడుకోవడానికి చోటు, భోజనం దొరికాయో లేదో కనుక్కోండి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి: ఎత్తు పడక తలనొప్పి ఉందా, వికారంగా ఉందా? మన పెద్దవాళ్లు ‘ఏం లేదులే’ అని దాచేస్తారు, రెండోసారి అడగండి. ఏ మాత్రం ఉన్నా గైడ్‌కు చెప్పండి.

మర్నాడు 3,440 మీటర్ల నామ్చే బజార్‌కు నిటారు ఎక్కుడు. పోర్టర్లు పొద్దున ఎన్నింటికి బయల్దేరతారో కనుక్కుని, ఆ వేళకు సంచులు అందేలా రాత్రే సర్దేసి పడుకోండి.