ఓపెన్ సోర్స్‌కి చందాలు, 4వ పాఠం: టీషర్ట్ కాకుండా ఇంకేం ఇవ్వొచ్చు?

పోయిన పాఠంలో మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కు, చందా ఇచ్చేవాళ్లకు ఏ రివార్డులు ఇస్తారో రాసి పంపమన్నాను. చాలావరకు టీషర్ట్‌లు, కప్పులు, స్టిక్కర్లే వచ్చాయి. అందుకని ప్రచార వీడియో పాఠం వాయిదా వేసి, మళ్లీ రివార్డుల దగ్గరికే వద్దాం.

లెక్క వేయండి. వెయ్యి రూపాయల చందాకు ఒక టీషర్ట్ అన్నారు. బట్ట, ప్రింటు 350, కొరియర్ 100, చందాలు వసూలు చేసే సైటు కమిషన్ల కింద 80 పోతాయనుకుందాం. చేతికి మిగిలేది 470. అదే డల్లాస్‌లో ఉన్న తెలుగాయనకు పంపాలంటే పోస్టేజీకే చందా మొత్తం సరిపోవచ్చు. పైగా సైజులు అడగాలి, అడ్రసులు సరిచూడాలి, తిరిగొచ్చిన పార్శిల్ మళ్లీ పంపాలి, ఇదంతా చేసేది కోడ్ రాయాల్సిన మనిషే! చందా ఇచ్చినాయన కోరింది సాఫ్ట్‌వేర్ బాగుపడాలని కదా. నా నియమం ఒకటే, రివార్డుల ఖర్చు చందాలో పదో వంతు దాటకూడదు. 2013లో చందాలు అడిగిన మైక్రోపైథాన్ (చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల మీద నడిచే పైథాన్ భాష) వాళ్లు రివార్డుగా బోర్డు ఇచ్చారంటే అది వేరు, అక్కడ ఆ బోర్డే ప్రాజెక్టు.

మరి ఏం ఇవ్వాలి? పనిలో చోటివ్వండి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రితా 2015లో 20,000 యూరోలు అడిగింది. అంతకు మించి వచ్చిన డబ్బుతో ఏ ఫీచర్లు చేయాలో చందాదారులే ఓటేసి తేల్చారు. ఓటుకు పెట్టిన ఫీచర్ల జాబితా మాత్రం డెవలపర్లదే, అది ముఖ్యం. "ఇంత ఇస్తే మీరు కోరిన ఫీచర్ చేస్తాం" అని ఎప్పుడూ రాయకండి, చేయలేనిది అడిగితే ఇరుక్కుపోతారు.

పేరు వేయడం కూడా చిన్న విషయం కాదు. 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాళ్లు 'ఎలిఫెంట్స్ డ్రీమ్' అనే చిన్న యానిమేషన్ సినిమా తీసేటప్పుడు, 2005 సెప్టెంబరు 1 లోపు డీవీడీకి డబ్బు కట్టినవాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేశారు. సినిమా నెట్‌లో అందరికీ ఉచితమే, పేరు మాత్రం ముందుగా నమ్మినవాళ్లకే. మీకు సినిమా లేకపోతే రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పేజీ) ఉన్నాయిగా, పేర్లు అందులో వేయండి.

డెవలపర్‌తో గంటసేపు వీడియో కాల్, వాళ్ల ఆఫీసులో ఇన్‌స్టాల్ చేసిపెట్టడం లాంటివి పెద్ద చందాలకు బాగుంటాయి, కానీ ఎంతమందికో ముందే పరిమితి పెట్టండి.

అభ్యాసం: మీ జాబితాలో పోస్టులో పంపాల్సినవన్నీ కొట్టేయండి. మిగిలిన ఒక్కోదానికీ ఎన్ని గంటలు పడుతుందో రాసి, రెండు వందల మందితో గుణించండి. మొత్తం 80 గంటలు దాటితే మళ్లీ మొదటి నుంచి రాయండి. లెక్కతో సహా పంపండి, లెక్క లేని జాబితాలు ఈసారి చూడను.