క్రూజ్‌లో ఇంటిల్లిపాదికీ క్యాబిన్లు బుక్ చేసే ముందు

డబ్బు కట్టకముందే షిప్ డెక్ ప్లాన్ (ఏ డెక్‌లో, అంటే ఏ అంతస్తులో, ఏముందో చూపే పటం) తెరిచి, మీ క్యాబిన్‌కి పైనా కిందా ఏముందో చూడండి. పైన స్విమ్మింగ్ పూల్ గానీ బఫే గానీ ఉంటే పొద్దున్నే కుర్చీలు లాగే చప్పుడు మొదలవుతుంది, పెద్దవాళ్లకి నిద్ర ఉండదు. పైనా కిందా క్యాబిన్లే ఉంటే హాయి.

వాంతులు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లకి ఓడ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి, ఊపు అక్కడ తక్కువ. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులుంటే లిఫ్ట్‌కి దగ్గరగా, కానీ మరీ ఆనుకుని వద్దు.

పక్కపక్క క్యాబిన్లు వేరు, కనెక్టింగ్ క్యాబిన్లు వేరు. మధ్యలో లోపలి తలుపు ఉండేది రెండోదానికే, పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టాలంటే అదే అడిగి నంబర్లు రాయించుకోండి. ‘గ్యారంటీ’ క్యాబిన్ చవకగా వస్తుంది గానీ నంబర్ ఇచ్చేది కంపెనీయే కాబట్టి మీవాళ్లు తలో డెక్‌లో పడొచ్చు, గుంపుగా వెళ్లేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దనే అంటాను.

నలుగురి గది అంటే చాలాసార్లు రెండు పడకలు పైనుంచి దించే బెర్తులే, నిచ్చెన ఎక్కాలి. చంటిబిడ్డని కూడా లెక్కలో చెప్పండి, లైఫ్‌బోట్‌లో ప్రతి ప్రాణికీ చోటు ఉండాలి కదా.

సముద్రం కనిపించే క్యాబిన్ అన్నా, కిటికీకి లైఫ్‌బోట్ అడ్డం ఉందేమో కనుక్కోండి.