చిన్న క్లాసులో ట్యాబ్, ప్రొజెక్టర్ వాడే ముందు ఇవి చూసుకోండి

బడులు తెరుస్తున్నారు. డిజిటల్ పాఠం మొదలుపెట్టే టీచర్లు ముందురోజే చూసుకోవాల్సినవి ఇవి. ఛార్జింగ్ సంగతి ఎలాగూ గుర్తుంటుంది, వదిలేస్తున్నాను.

• పిల్లల అసలు పేర్లు, ఫొటోలు, పుట్టిన తేదీలు యాప్‌లో ఎక్కించకండి. ఒకసారి బయటికి పోయిన వివరాలు మళ్లీ చేతికి రావు. చాలా యాప్‌లు 13 ఏళ్లలోపు వాళ్లకు సొంత అకౌంట్ ఇవ్వవు. వయసు ఎక్కువ వేసి తెరిపించడం మరీ తప్పు. అకౌంట్ అడగని యాప్ వెతకండి. తప్పదంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకుని ‘నెమలి’, ‘తాబేలు’ లాంటి మారుపేర్లు పెట్టండి.

• వీడియో చివరిదాకా చూసి, ఆటోప్లే ఆపేయండి. పాఠం అయిన మరుక్షణం తర్వాతి వీడియో దానంతటదే మొదలవుతుంది. అదేమిటో మీకూ తెలియదు.

• ఆట యాప్ అయితే కావాలనే తప్పులు నొక్కి చూడండి. 7+5 అడిగితే 10, 11, 13 అని వరసగా నొక్కుతూ పోయినా చివరికి నక్షత్రాలు, చప్పట్లు వస్తున్నాయా? అయితే పిల్లలు లెక్క చేయరు, నొక్కడమే నేర్చుకుంటారు. ఎందుకు తప్పో చూపించే యాపే మేలు. బొమ్మలు కాస్త సాదాగా ఉన్నా పర్లేదు.

• ప్రొజెక్టర్‌కి మీ ఫోన్ కలుపుతుంటే నోటిఫికేషన్లు ఆపండి. ఇంటి మెసేజ్ గోడంత అక్షరాలతో కనబడుతుంది.

• ఇద్దరికొక ట్యాబ్ ఇస్తే వంతులు ముందే చెప్పండి. లేకపోతే చురుకైనవాడే నొక్కుతాడు, రెండోవాడు ప్రేక్షకుడు.

• నెట్ పోతే అదే పాఠం బోర్డు మీద ఎలా చెప్పాలో అనుకుని ఉంచండి. లోడ్ అయ్యేదాకా చిన్నపిల్లలు ఆగరు.